ఇంత పొట్టి కాలవ

ఇంతేనా? అయిపోయిందా? ఇదేం అన్యాయమండీ అన్నయ్యగారూ! ఇంత కాలవ తవ్విన మహానుభావులు ఇంకో రెండు రోజుల దూరం తవ్వితే వాళ్ళ సొమ్మేం పోయింది?

ఏమిటి, అటుపక్క సముద్రమా? ఉంటే ఉంది! దాని పక్కనించి తిప్పి తీసుకెళ్ళలేకపోయారా? ఇన్ని వంపులు తిప్పినవాళ్ళకి ఇంకో వంపు బరువైపోయిందా?

నవ్వకండి. మిమ్మల్ని కాదులెండి అనేది. మీరు లాకు కాపలా మనిషి, ఈ తలుపులు తెరవడం, మూయడం మీ పని. కాలవ తవ్వింది మీరు కాదని నాకూ తెలుసు. కానీ తిట్టడానికి నాకెవరో ఒకరు దొరకాలి కదా! ఇక్కడ చూస్తే మీరొక్కరే ఉన్నారు. ఏం చెయ్యను?

కాస్త ఈ బల్ల మీద కూచుంటాను. బురదవుతుందేమో... అయితే తుడుస్తాన్లెండి, గుడ్డ ఉంది నా దగ్గర. ఓయమ్మో, మోకాళ్ళు! సైకిలు తొక్కేటప్పుడు నోరు మూసుకుని పడి ఉంటాయి, దిగాక మొదలెడతాయి పురాణం.

అదిగో, ఆ కుళాయి దగ్గర రెండు సైకిళ్ళనీ పడుకోబెట్టి రుద్దుతోందే, పసుపు రెయిన్‌కోటు ఆవిడ, మా వియ్యపురాలు. నా కూతుర్ని వాళ్ళబ్బాయికిచ్చాను. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. మిమ్మల్ని అడిగిందా, ఆ నీళ్ళు వాడుకోవచ్చా అని? అడగదు. ఆవిడంతే. నీళ్ళు కనిపిస్తే ఎవరివని చూడదు, ముందు సబ్బు తీస్తుంది.

నాదా? నాది సైకిల్ షాపు. పంచర్లు, బ్రేకులు, గొలుసులు. ఎవరో పెట్టించింది కాదు, నేనే పెట్టుకున్నాను.

కాలవ ఆ కొసన కొండలున్నాయి చూడండి, అక్కడ మొదలెట్టామండీ ఇద్దరం. గట్టు వెంట ఇక్కడిదాకా. బాట అని పేరు పెట్టారు గానీ బాటెక్కడుందండీ? ఒకప్పుడు పడవలకి తాళ్ళు కట్టి ఈ గట్టు మీద నడుస్తూ లాగేవాళ్ళట కదా? వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలి. బురదండీ బాబూ! మామూలు బురద కాదు. మడ్‌గార్డులోకి దూరి ముద్దలా కూరుకుపోతుంది, చక్రం కదలదు. దిగడం, పుల్లతో గోకడం, ఎక్కడం. కాస్త దూరం వెళ్ళడం, మళ్ళీ దిగడం. తొక్కినదానికంటే గోకిందే ఎక్కువ.

ఆవిడేమో 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల' అని సామెత చెప్తుంది. చెప్తూనే ప్రతి లాకు దగ్గరా ఆగి మోచేతుల దాకా సబ్బు రాసుకుని కడుక్కుంటుంది, లోపల ఎవరినో ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి వచ్చినట్టు. కడుక్కుని ఎక్కుతుందా, అరనిమిషంలో మళ్ళీ మామూలే. మళ్ళీ సామెత!

రెండో రోజున నేను జారి పడ్డాను. సైకిలు ఒకవైపు, నేనొకవైపు. ఇంకొంచెం అయితే కాలవలోనే. 'వదినగారూ, చెయ్యివ్వండి' అని చెయ్యి చాచాను. ఇచ్చింది. ఇచ్చి లేపుతుందనుకుంటున్నారా? మణికట్టు పట్టుకుని నాడి చూసింది! నేను బురదలో వెల్లకిలా పడి ఉంటే ఆవిడ వాచీ చూసుకుంటూ లెక్కపెడుతోంది. 'బానే ఉంది, లేవండి' అని చెయ్యి వదిలేసింది. మళ్ళీ పడ్డాను.

నవ్వండి, ఇప్పుడు నవ్వండి. మేం కూడా అలాగే నవ్వాం. అటుపక్క గట్టు మీద గేదెలు తల తిప్పి చూశాయి.

ఆఁ, ఏమన్నారు? వియ్యపురాళ్ళు ఇలా ఎక్కడైనా తిరుగుతారా అనా? తిరగరు. ఉప్పూ నిప్పూలా ఉంటారు. మేమూ అలాగే ఉండేవాళ్ళం మొదట్లో. పెళ్ళికొడుకు తల్లి కదా, ఏం బెట్టు! పెళ్ళిలో నా గోళ్ళు చూసింది. గోళ్ళల్లో గ్రీజు. మొహం ఇలా పెట్టింది. మర్నాడు నాకో పొట్లం పంపింది. ఏముందో తెలుసా? సబ్బు! వియ్యపురాలికి సబ్బు పెట్టిన మనిషిని మీరెక్కడైనా చూశారా? ఆ రోజే పేరు పెట్టేశాను, థర్మామీటరు అని. ఎవరింటికెళ్ళినా ముందు జ్వరం కొలిచి తర్వాత పలకరించే రకం.

ఆ థర్మామీటరు ఒకరోజు నా షాపుకొచ్చి స్టూలు లాక్కుని కూచుందండీ. 'చెయ్యి చూపించండి' అంది. బ్యాగులోంచి గోళ్ళు కత్తిరించేది తీసి, ఒక్కొక్క వేలూ పట్టుకుని నా గోళ్ళు కత్తిరించింది. గ్రీజు చేరితే గోరుచుట్టు లేస్తుందట. బేరాలొచ్చాయి. 'ఆగండి, ఇంకో చెయ్యి ఉంది' అని వాళ్ళని నిలబెట్టేసింది. నా షాపులో నా బేరాన్ని!

అప్పట్నించీ ఆదివారం ఆదివారం వచ్చేది. నా చెయ్యి పట్టుకుని గోళ్ళు కత్తిరించినవాళ్ళు మా అమ్మ తర్వాత ఎవరూ లేరండీ. ఆవిడకీ ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. కొడుకున్నాడు గానీ వాడు ఫోనుతో మాట్లాడతాడు.

ఇంతకీ అసలు సంగతి చెప్పలేదు కదూ? నా నోట్లో నువ్వుగింజ నానదంటారు మా వాళ్ళు, మరి ఇది మాత్రం ఇందాకట్నించీ గొంతులోనే తిరుగుతోంది.

పిల్లలు విడిపోతున్నారండీ. ఎల్లుండి కోర్టులో సంతకాలు.

అయ్యో అనకండి. అందరూ అన్నారు, సరిపోయింది. ఇద్దరూ మంచి పిల్లలే. నా కూతురు బంగారం. అల్లుడూ... అల్లుడనొచ్చో లేదో ఇప్పుడు... వాడూ మంచివాడే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడలేదు, అంతే. తప్పెవరిదని మేమిద్దరం వెతికాం కూడా. ఆవిడ వాళ్ళబ్బాయి తప్పులు చెప్పింది, నేను మా అమ్మాయి తప్పులు చెప్పాను. చూస్తే మేమే ఒకళ్ళ పిల్లని ఇంకొకళ్ళం వెనకేసుకొస్తున్నాం.

ఈ సైకిళ్ళు వాళ్ళవే. పెళ్ళైన కొత్తలో కొనుక్కున్నారు, ఈ కాలవ వెంట ఈ కొస దాకా వెళదామని. స్పోకు స్పోకూ నేనే బిగించాను. ఏం లాభం? ఒకరికి సెలవు దొరికితే ఇంకొకరికి కోపం దొరికేది. నా షాపులో గోడవారనే పడి ఉన్నాయి. సామాను పంచుకున్నప్పుడు అడిగాం, ఇద్దరూ మాకొద్దంటే మాకొద్దన్నారు.

'అమ్మేద్దాం వదినగారూ' అని ఆవిడే వచ్చింది. సరేనని గాలి కొట్టి బయట నిలబెట్టాను. ఎలా నడుస్తుందో చూస్తానని ఎక్కింది. వీధి మలుపు దాకా వెళ్ళింది, వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, వచ్చింది. దిగి, 'ఆ కాలవ ఎంత పొడుగుంటుందంటారు?' అంది.

అంతే. షాపు మూసేశాను.

పిల్లలు ఊరుకుంటారా! వాళ్ళలో వాళ్ళు తన్నుకుంటుంటే మధ్యలో ఈ ముసలాళ్ళ షికారేమిటని ఎగిరారు. నా కూతురైతే, 'అమ్మా, ఇదొక్కసారికీ సరే. సంతకాలయ్యాక ఆవిడ నీకెవరూ కాదు. షాపుకి రానిచ్చావా, నాతో మాట్లాడకు' అంది. వాళ్ళబ్బాయీ అదే పాట. కూడబలుక్కున్నట్టు! ఇంత ఏకాభిప్రాయం కాపురంలో ఉంటే కోర్టెందుకు?

మొదటి రోజు సాయంత్రం లాడ్జిలో తడిసిన సాక్సులు కుర్చీల మీద ఆరేసుకుని కూచున్నాం. ఆవిడే అంది. 'వదినగారూ, ఈ కాలవ అయ్యేదాకా మనం మనం. ఆ చివర లాకు దాటాక ఎవరి దారి వాళ్ళది. పిల్లల మనసు కష్టపెట్టి మనం బావుకునేదేముంది?' సరేనన్నాను. పెద్ద గొప్పగా అన్నాను, అప్పటికింకా ఎంతో కాలవ ఉంది కదా! ఇప్పుడు తెలిసిందా మీకు, మీ లాకు చూడగానే నాకెందుకు ఒళ్ళు మండిందో?

అప్పుడు మొదలెట్టానండీ నా దొంగపనులు.

మర్నాడు ఆవిడ చక్రంలో ముల్లు దిగింది. నిజం ముల్లే. తీశాను, రుద్దాను, జిగురు రాశాను. ఆ జిగురు ఇలా ఊదితే ఆరిపోతుంది. నా షాపులో మనిషి బీడీ వెలిగించుకునేలోగా పంచరేసి పంపించేస్తాను. అయినా ఆవిడతో ఏమన్నాను? 'గాల్లో తేమ ఎక్కువగా ఉంది వదినగారూ, మధ్యాహ్నం దాకా ఆరాలి' అన్నాను. మొహంలో ఒక్క గీత కదలకుండా! పేపరు పరుచుకుని రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. ఆవిడ చిన్నప్పుడు నాటకాల్లో వేసేదట. రాజు వేషం! గట్టు మీద నిలబడి డైలాగులు చెప్పింది. పడవాయన ఒకాయన ఇంజను ఆపి మరీ విన్నాడు.

ఆ తర్వాత స్పోకులు కాస్త వదులు చేశాను. చక్రం వంకరలు పోయింది. వంకర తీయాలంటే ఓపిక కావాలన్నాను. ఒక పూట. గొలుసులో ఇసుక పడిందన్నాను. ఇంకో పూట. బ్రేకు అరిగిందన్నాను. బాగానే ఉన్న బ్రేకండీ! ముప్పుతిప్పలు పెట్టాను ఆ సైకిళ్ళని. బేరాలకొచ్చినవాళ్ళకి ఇలా చేసుంటే ఈపాటికి మేడ కట్టేదాన్ని.

అనుమానం రాలేదా అంటారా? వస్తుందని భయపడుతూనే ఉన్నాను. పసివాళ్ళ కడుపునొప్పి నిజమో, బడి ఎగ్గొట్టడానికో మొహం చూసి చెప్పే మనిషి. నన్ను చూసేది, 'ఊఁ' అనేది. అంతే.

ఇవాళ పొద్దున ఏమైందో వినండి. లాడ్జిలో లేచి కిందికొచ్చేసరికి నా ముందు చక్రం నేలకంటుకుపోయి ఉంది. నిన్న సాయంత్రం రాయిలా ఉంది, నేనే నొక్కి చూశాను. సరేనని ట్యూబు బయటికి లాగి బకెట్లో ముంచాను. బుడగలొచ్చాయి. ఎక్కణ్ణించి? పక్కనించి!

మీకు తెలియదేమో, చెప్తాను. ముల్లు నేల మీద ఉంటుంది. కిందనించి గుచ్చుతుంది, నేలకి ఆనే చోట. ఇదేమో టైరు పక్కవాటున, రిమ్ముకి కాస్త పైన దిగింది. ముల్లుకి రెక్కలొచ్చి ఎగిరొచ్చి పక్కనించి గుచ్చిందా? అదీ ఎంత సన్నగా! ఎంత తిన్నగా! చిరగలేదు, నలగలేదు. ఏళ్ళ తరబడి పంచర్లు వేశాను గానీ ఇంత మర్యాదైన పంచరు నేను చూడలేదండీ. దూదితో తుడిచి మరీ వేసినట్టుంది.

అర్థమైందా? నాకూ అలాగే, కాసేపు పట్టింది.

తలెత్తి చూశాను. మెట్ల దగ్గర నిలబడి, మడతపెట్టిన తువ్వాలు విప్పి మళ్ళీ మడతపెడుతోంది. నా వంక చూడదు. 'ముల్లేమో వదినగారూ' అంది. 'ముల్లేనండీ' అన్నాను. 'పెద్దదా?' అంది. 'సన్నదే' అన్నాను. 'ఆరడానికి టైము పడుతుందేమో' అంది. 'పడుతుందండీ, బాగా పడుతుంది' అన్నాను. 'పోనీలెండి, తొందరేముంది' అంది. ఆ గొంతు ఎలా ఉందో నేను చెప్పలేను. రాజు వేషం వేసిన మనిషి గొంతు కాదది.

అడగాల్సింది కదా అంటారు మీరు. ఎలా అడగనండీ? దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. ఆవిడ ఇంజక్షన్ సూది సంగతి అడిగితే నా జిగురు సంగతి చెప్పాలా వద్దా? చెప్తే ఇద్దరం ఏడవాలి. లాడ్జి వాకిట్లో ఇద్దరు పెద్దాడవాళ్ళు సైకిల్ ట్యూబు పట్టుకుని ఏడుస్తుంటే ఏం బాగుంటుంది? అందుకని శ్రద్ధగా జిగురు రాశాను, శ్రద్ధగా ఊదకుండా కూచున్నాను. మధ్యాహ్నం దాకా.

ఆ తర్వాత... ఆ మలుపు దగ్గర మీ లాకు తలుపులు కనిపించాయి. ఆవిడ దిగిపోయింది. నేనూ దిగిపోయాను. అక్కడ బురద లేదు, ఎండి గట్టిగా ఉంది బాట. ఇన్నాళ్ళలో తొక్కడానికి అంత బాగున్న చోటు దొరకనే లేదు. అయినా అక్కణ్ణించి నడిపించుకుంటూ వచ్చాం. తొక్కితే అయిపోతుంది కదా.

టీయా? ఇవ్వండి, మీ చేత్తో పోశారు, కాదనను. ఆవిడక్కూడా ఒక గ్లాసు పొయ్యండి, చక్కెర వద్దు. గ్లాసు కాస్త ఎక్కువసేపు కడగండి, చూస్తూ ఉంటుంది.

బస్సెప్పుడన్నారు? ఇంకాసేపట్లోనా? ఈ బస్సు పోతే... రేపు పొద్దున్నేనా మళ్ళీ? ఊఁ. కాదులెండి, ఎక్కాలి. రేపొక్కరోజే మధ్యలో ఉంది. నా కూతురు ఒక్కర్తీ ఉంటుంది ఇంట్లో. ఇస్త్రీ చేసిన బట్టలు మళ్ళీ ఇస్త్రీ చేస్తూ ఉంటుంది, దానికి భయమేస్తే అదే పని. ఎక్కుతాం.

ఒక మాట చెప్పనా? మీరు రోజూ వచ్చేపోయేవాళ్ళని చూసే మనిషి, రేపటికి మర్చిపోతారు. మర్చిపోండి కూడా.

మొన్నామధ్య నా కూతురు వచ్చి, 'అమ్మా, ఇంక కుదరదే' అంది. నేను ఏడ్చాను. భోరుమని ఏడ్చాను. అది నన్ను పట్టుకుని, 'నువ్వేడవకమ్మా, నేను బాగానే ఉంటాను' అని ఓదార్చింది. తన కోసం ఏడుస్తున్నాననుకుంది పిచ్చితల్లి.

దాని కోసం కాదండీ.

దానికి ఉద్యోగముంది, వయసుంది, మాట పడని నోరుంది. ఇవాళ కూలబడినా రేపు లేస్తుంది, నాకా నమ్మకముంది. నేనేడ్చింది అదిగో, ఆ పసుపు కోటు కోసం. ఇంక ఆదివారం స్టూలు లాక్కుని కూచునేవాళ్ళుండరని. కూతురి కాపురం కూలిపోతుంటే వియ్యపురాలి కోసం ఏడ్చే తల్లిని ఎక్కడైనా విన్నారా? వినకపోతే చూడండి, మీ బల్ల మీదే కూచుని మీ టీ తాగుతోంది.

సిగ్గు లేదా అంటే ఉంది. పిల్ల మొహం చూడలేకపోతున్నాను. కానీ ఒకటడుగుతాను. ఎల్లుండి విడిపోతామని సంతకాలు పెట్టేది వాళ్ళిద్దరు. పెట్టుకోనీయండి, వాళ్ళిష్టం. మమ్మల్నెవరడిగారండీ సంతకం? ఆవిడ నీకెవరూ కాదని పిల్ల అంటే, సరేనని తల ఊపి వచ్చాను. లాకు దాటాక ఎవరి దారి వాళ్ళదని ఈవిడంటే, దానికీ సరేనన్నాను. ఇంత వయసొచ్చి, గంగిరెద్దులా ఎవరేమన్నా తలూపడమేనా నా పని?

ఆఁ! వస్తున్నా వదినగారూ! సైకిళ్ళు అలా ఉంచండి, నేను పట్టుకుంటాను!

విన్నారా, పిలిచింది. కోర్టులో ఎలా ఉంటుందో నాకు తెలుసండీ. వరండాలో ఈ గోడకి ఒక బల్ల, ఆ గోడకి ఒక బల్ల. ఇటు నేనూ నా కూతురూ, అటు ఆవిడా వాళ్ళబ్బాయీ. ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకుంటూ కూచోవాలి. పిల్ల నా చెయ్యి నొక్కుతూ ఉంటుంది, అటు చూడొద్దని.

నేను చూస్తాను. సంతకాలు అయినా సరే, కాకపోయినా సరే, 'వదినగారూ' అని పిలుస్తాను. మెల్లగా పిలవడం నాకు చేతకాదు, రోడ్డు మీద షాపు నాది. పిల్లకి కోపమొస్తుందా? వస్తుంది. నాలుగు రోజులు మాట్లాడదు, అయిదో రోజు అన్నం పెట్టమంటుంది. పెడతాను.

ఆవిడ పలక్కపోతేనా? పలక్కపోతే మళ్ళీ పిలుస్తాను. ఇది కోర్టమ్మా, గొడవ చెయ్యకు, బయటికి పో అంటారు. పోతాను. ఒక్కదాన్నే పోతానో, వెనకాల ఇంకో జత చెప్పుల చప్పుడు వినిపిస్తుందో, అదే చూడాలి.